తాత సెంటు కోసం తిరిగేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వరంగల్ చౌరస్తా దగ్గర మాది సెంట్లు, అత్తర్ల దుకాణం. దసరా ముందో, ఇంట్లో ఎవరిదైనా సంవత్సరీకం దగ్గర పడ్డప్పుడో ఒక రకం గిరాకీ వస్తుంది. "తెల్ల సీసా సార్, మీద ఎర్ర ఓడ బొమ్మ ఉంటది. మా తాత గడ్డం గీసుకున్నంక రాసుకునేటోడు. గదే కావాలె." ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్‌షేవ్ తీసి ఇస్తాను. మూత తీసి వాసన చూస్తారు, మొహం చిన్నబోతుంది. "ఇది డూప్లికేట్ సార్."

పోయిన నెలలోనే నలుగురు అన్నారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పాత సీసాలో ఉన్నదే అసలుది, ఎంత పాతదైతే అంత మంచిది.

జనాల జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నది ఇదే. హన్మకొండ నుంచి వచ్చే ఒక తమ్ముడు ఆన్‌లైన్‌లో 'ఓల్డ్ స్టాక్' అని చూసి ఎనిమిది వేలు పోసి ఒక సీసా తెప్పించుకున్నాడు. నా కౌంటర్ మీద పెట్టి తెరిచాడు. సగానికి సగం ఆవిరైపోయింది. మిగిలింది చాయ్ డికాషన్ రంగులో ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గోళ్ల రంగు తుడిచే మందులా గుచ్చుకుంది.

సెంటు ఊరగాయ కాదు, ఊరితే రుచి పెరగడానికి. వేడి, వెలుతురు, గాలి, ఈ మూడూ దానికి శత్రువులు. ముందుగా పోయేది తీయగానే తగిలే నిమ్మ, నారింజ జాతి వాసనే. మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు. రేకుల గదిలో ఇనుప బీరువాలో ఇరవై ఏళ్లు ఉన్న సీసాలో ఏం మిగులుతుందో మీరే ఆలోచించండి. పాత సీసాల బిరడా సందులోంచి ఆల్కహాల్ కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది.

మరి ఇప్పటిదీ అప్పటిదీ ఒకటేనా అంటే, చుక్క చుక్కా ఒకటి కాదు. తేడా ఉందని మీకు అనిపిస్తే మీ ముక్కు తప్పు కాదు. ఓల్డ్ స్పైస్‌ను మొదట తయారు చేసింది అమెరికాలోని షుల్టన్ కంపెనీ. 1990లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ దాన్ని కొన్నది. ఈ మధ్యలో సెంట్ల పరిశ్రమ నిబంధనలే మారిపోయాయి. ఒకప్పుడు మగవాళ్ల సెంట్లలో బాగా వాడిన మస్క్ అంబ్రెట్ అనే సరుకు ఎండ తగిలితే చర్మానికి పడట్లేదని తేలి, దాన్ని మానేశారు. అరవై డెబ్బై ఏళ్ల కింద పుట్టిన ఏ సెంటైనా ఇలాంటి మార్పులు దాటే వచ్చింది. మారినంత మాత్రాన డూప్లికేట్ కాదు. అసలు అనుమానం ఉంటే అట్టపెట్టె మీద, సీసా మీద బ్యాచ్ నంబర్ కలుస్తుందో లేదో చూడండి, బిల్లు ఇచ్చే చోట కొనండి.

ఇంకొకటి. ఇంట్లో తాత సీసా నిజంగానే ఉంటే రోజూ తెరిచి వాసన చూడకండి. మూత బిగించి, చీకట్లో, చల్లగా ఉండే చోట పెట్టండి. ఆయన తువ్వాలో కండువానో ఉంటే ఉతక్కుండా గట్టి మూతున్న డబ్బాలో దాచండి. అది ఎనిమిది వేల సీసా కంటే విలువైంది.

అపోహ: గంటలో వాసన పోయింది, కాబట్టి నకిలీ.

ఆఫ్టర్‌షేవ్‌లో సుగంధం వాటా చాలా తక్కువ, మామూలు పర్‌ఫ్యూమ్‌తో పోలిస్తే ఏ మూలకూ రాదు. అది గంటలో పోవడమే సహజం. మంట పుడితేనే అసలుదనేది కూడా ఒట్టిదే. ఆ మంట ఆల్కహాల్‌ది.

అత్తరులో ఆల్కహాల్ ఉండదు కాబట్టి దద్దుర్లు రావంటారు. వస్తాయి. లవంగంలోని యూజెనాల్, దాల్చినచెక్కలోని సినమాల్ కొందరికి పడవు. ముందు మోచేతి లోపల ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు శుభ్రమవుతుందనేది దుకాణాల షోకు. మీ చొక్కా చేయి వాసన చూసుకున్నా చాలు.

ఓల్డ్ స్పైస్ మొదట్నుంచీ మగవాళ్ల సెంటే అనుకుంటారు గానీ, ఆ పేరుతో ముందు వచ్చింది ఆడవాళ్ల సరుకు, 1937లో. మగవాళ్లది 1938లో వచ్చింది.

ఒక విషయం మాత్రం నెమ్మదిగా చెప్పాలి. కరోనా తర్వాత ఒకాయన వచ్చి మూడు సీసాలు చూసి మూడూ నకిలీవే అన్నాడు. అనుమానం వచ్చి పక్క కిరాణంలోంచి లవంగాలు తెప్పించి నలిపి ఇచ్చా. "రబ్బరు కాలిన వాసనొస్తుంది సార్" అన్నాడు. పాపం, తాత వాసన కూడా మర్చిపోయానని లోలోపల కుమిలిపోతున్నాడు. మర్చిపోలేదన్నా, నీ ముక్కు దెబ్బతిన్నది, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకో అన్నాను. గులాబీ, నిమ్మ, యూకలిప్టస్, లవంగం, ఈ నాలుగూ రోజుకు రెండు పూటలు, నెలల తరబడి వాసన చూపించే సాధన ఒకటి ఉంది. డాక్టర్ అదే చేయమన్నాడట. టెన్షన్ పడకుండా చేశాడు. ఆర్నెల్లకు వచ్చి ఒక సీసా కొనుక్కుపోయాడు.

ఇక నా సంగతి. మా తాత ఆజంజాహి మిల్లు కార్మికుడు. ఆయన ఓల్డ్ స్పైస్ దుబాయ్‌లో ఉన్న మా మామ రెండేళ్లకోసారి సూట్‌కేసులో తెచ్చేవాడు. పొద్దున్నే పటికరాయి రుద్దుకుని, అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని చెంపలకు చప్పున కొట్టుకునేవాడు. ఆ చుక్కలు పాలవిరుగుడులా తెల్లగా ఉండేవి. వాటి రంగే అది అనుకునేవాణ్ణి. దుకాణం పెట్టాక ఎన్ని సీసాలు తెరిచానో, ఏదీ తెల్లగా లేదు, దేనికీ ఆ వాసన లేదు.

తాత పోయిన ఏడాదికి మా మేనత్త నవ్వుతూ చెప్పింది. మామ మళ్లీ వచ్చేదాకా సరిపోవాలని తాత సీసాలో నీళ్లు కలిపేవాడట. నూనె కరిగిన ఆల్కహాల్‌లో నీళ్లు ఎక్కువైతే తెల్లబడుతుంది, రోజూ కస్టమర్లకు నేనే చెప్పే ముక్క ఇది.

ఆ రాత్రే కొత్త సీసాలోంచి కొంచెం తీసి, నీళ్లు కలిపి, పటిక రుద్దుకున్న చెంపకు రాసుకున్నా. తలకు ఇంత కొబ్బరినూనె పెట్టుకుని మా నాన్న దగ్గరికి పోయి మొహం ముందుకు వంచాను.

ఆయన చాలాసేపు వాసన చూశాడు.

"బీడీ తక్కువైందిరా."