మూత పెట్టిన గిన్నె

ఒక పాఠకుడి ప్రశ్న: "చేపల కోసం ట్యూబిఫెక్స్ పురుగులు కొన్నాను. గిన్నె నిండా నీళ్లు పోసి మూత పెట్టాను. తెల్లారేసరికి పాలిపోయి ఒకటే కంపు. పాడైన సరుకు అంటగట్టారా?"

సరుకు మంచిదే అయ్యుంటుంది. పాపం, ఊపిరాడక చచ్చాయి.

ట్యూబిఫెక్స్ వానపాముకి దగ్గర చుట్టం. బురదలో తల దూర్చి మేస్తుంది, తోక పైకి చాచి నీళ్లలో ఆడిస్తుంది. మొప్పల్లేవు, ఊపిరితిత్తుల్లేవు. ఆక్సిజన్ చర్మంలోంచే లోపలికి వెళ్లాలి. అది తగ్గేకొద్దీ తోక ఇంకా బయటికొస్తుంది, ఇంకా జోరుగా ఊగుతుంది.

ఇక ఈ పురుగు ఎరుపు సంగతి. రక్తం ఎర్రగా ఉండేది ఎర్ర రక్తకణాల వల్ల అని బళ్లో చెప్పి వదిలేస్తారు. ఈ పురుగులో ఆ కణాలే లేవు! ఆక్సిజన్‌ని మోసే ఎర్రటి పదార్థం, హిమోగ్లోబిన్, నేరుగా రక్తద్రవంలోనే కరిగి ఉంటుంది. మన హిమోగ్లోబిన్‌ని అలా వదిలేస్తే రెండు చిక్కులు. ఒకటి, చిన్న అణువు కాబట్టి మూత్రపిండాల వడపోతలోంచి జారిపోతుంది. రెండోది, ద్రవాభిసరణ పీడనం, అంటే కరిగిన అణువులు నీటిని తమవైపు లాగే బలం, పెరిగిపోతుంది. ఆ పీడనం అణువుల బరువు చూడదు, తలలు లెక్కపెడుతుంది. అందుకే మనం గింజల్లాంటి ఈ చిన్న అణువుల్ని సంచుల్లో పోసి కట్టేశాం. ఆ సంచులే రక్తకణాలు. పురుగు జాతి గింజలన్నిటినీ అంటించి బండ చేసింది. మన అణువులో ఆక్సిజన్ పట్టే చోట్లు 4, బరువు సుమారు 64,500 డాల్టన్లు (అణువుల బరువుకి కొలమానం). వానపాము అణువులో చోట్లు 144, బరువు దాదాపు 36 లక్షలు. మనవి 36 చేసే పని అక్కడ ఒక్కటే చేస్తుంది. జల్లెడలోంచి గింజ జారుతుంది గానీ బండ జారదు. తలలు లెక్కపెట్టే పీడనానికి కనిపించేదీ 36 కాదు, ఒకటే.

అయితే నీళ్లలో ఆక్సిజనే లేనప్పుడు ఎంత పెద్ద బండైనా ఏం మోస్తుంది? కదలని నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలోకన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. లోతైన గిన్నె అడుగున ముద్దగా పడున్న పురుగులకు అందేదెంత? నడిమధ్యవి ముందు చస్తాయి. వాటిని కుళ్లబెట్టే బాక్టీరియా మిగిలిన ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. అందుకే ఒక్క రాత్రిలో మొత్తం పోతుంది.

వెడల్పు ట్రేలో, పురుగులు మునిగేంత నీళ్లే పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. 30 డిగ్రీల నీళ్లు లీటరుకు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకుంటాయి, 4 డిగ్రీల దగ్గర 13. పైగా చలికి పురుగు వాడే ఆక్సిజన్ ఖర్చూ తగ్గుతుంది. రోజూ నీళ్లు మార్చి చచ్చినవి తీసేయండి. కొనేటప్పుడు ముద్దని వేలితో తాకి చూడండి, చటుక్కున ముడుచుకుంటే సరే.

వేసేటప్పుడు చిల్లుల గిన్నెలో, చేపలు కొద్ది నిమిషాల్లో తినేంతే. మిగిలినవి కంకరలో దూరతాయి. మురుగులో పెరిగినవాటి ఒంట్లో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు, కడిగితే పోవు. కాబట్టి రోజూ వద్దు.

ఎర్ర పురుగులు పెడితే చేప ఎర్రబడుతుందని కొందరి నమ్మకం. హిమోగ్లోబిన్ కడుపులో అరిగిపోతుంది. చేపకు ఎరుపు కావాలంటే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలు తినాలి.

అన్నట్టు, చేపల మేతగా అమ్మే మరో ఎర్ర పురుగు బ్లడ్‌వార్మ్ కూడా హిమోగ్లోబిన్‌తోనే ఎర్రబడింది, కానీ అది వానపాము జాతి కాదు. కుట్టని ఒక రకం దోమలాంటి ఈగ పిల్ల. ప్రాణంతో కొని వెచ్చని చోట మరిచిపోతే కొన్నాళ్లకు గిన్నె ఖాళీ, ఇంట్లో ఈగలు.