గురక పెట్టే రోగితోనే చిక్కు

కంటి ఆపరేషన్ అనగానే చాలామంది అడుగుతారు, "నన్ను పూర్తిగా నిద్రపుచ్చేయకూడదా డాక్టర్?" అని. శుక్లాల ఆపరేషన్‌లో ఆ నిద్రే ఒక్కోసారి సర్జన్‌ను ఇబ్బంది పెడుతుంది.

నొప్పి సంగతి చుక్కల మందో, కంటి చుట్టూ ఇచ్చే ఇంజెక్షనో చూసుకుంటుంది. 1884లో వియన్నా డాక్టర్ కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి తిమ్మిరి ఎక్కించి చూపించాడు. ఇప్పుడా పని లిడోకైన్ లాంటి మందులది. మత్తు ఇచ్చేది టెన్షన్ తగ్గడానికే. తిమ్మిరి సరిగ్గా ఎక్కకపోతే తిమ్మిరి మందే మరికాస్త ఇవ్వాలి తప్ప, మత్తు పెంచి కప్పిపుచ్చితే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

మత్తు ఎక్కువైన మనిషి ముఖం మీది గుడ్డ కింద గురక పెడతాడు. గురకకు తల ఊగుతుంది. శుక్లం తీశాక లోపల మిగిలే వెనక పొర మధ్యలో సుమారు 4 మైక్రాన్ల మందమే, వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. మైక్రోస్కోప్‌లో చూసే సర్జన్‌కు ఆ చిన్న ఊపు భూకంపమే. అంతకన్నా ప్రమాదం, రోగి తను ఎక్కడున్నాడో తెలియక ఉలిక్కిపడి లేవబోవడం.

మందుల్లో ఎక్కువగా వాడేది మిడజోలం. కొద్ది మోతాదులోనే భయం తగ్గుతుంది, జరిగింది పెద్దగా గుర్తుండదు. వయసు పైబడిన వాళ్లు మాత్రం దీంతో ఒక్కోసారి తికమకపడతారు. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ నిమిషంలోపే పట్టేసి, త్వరగా వదిలేస్తుంది. సూది గుచ్చే ఆ కాసేపటికి బాగా పనికొస్తుంది. కాకపోతే ఆ మత్తులో కొందరికి సరిగ్గా సూది కంటి పక్కన ఉండగానే తుమ్ము వస్తుంది! నొప్పి తగ్గించే ఫెంటానిల్‌తో ఊపిరి మందగించవచ్చు, వాంతులూ రావచ్చు. డెక్స్‌మెడెటోమిడిన్ ఇస్తే మనిషి పిలిస్తే పలికేంత తేలిగ్గా నిద్రపోతాడు, ఊపిరికి పెద్దగా అడ్డురాదు. అయితే నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గంటసేపు సాగే రెటీనా ఆపరేషన్‌కు సరేగానీ, పావుగంటలో అయిపోయే శుక్లానికి ఇంత హంగామా దేనికి?

అసలు చాలామందికి ఏ మత్తూ అక్కర్లేదు. రంగురంగుల వెలుగులు కనిపిస్తాయని ముందే చెబితే సగం భయం పోతుంది. గుడ్డ కింద నుంచి రోగి చెయ్యి ఎవరైనా పట్టుకుని కూర్చుంటే ఇంకా నయం. దగ్గు వచ్చేలా ఉంటే రోగి ఆ చెయ్యి నొక్కుతాడు, సర్జన్ వెంటనే పరికరం బయటికి తీసేస్తాడు.