బావి దింపకముందే నీళ్లు కొలవాలి

ఎండిన బోరుకు మళ్లీ నీళ్లు తెప్పించడం నేను మొదటిసారి హనుమకొండ దగ్గరి ఒక ఊళ్లో చూశాను. చేతిపంపు గొట్టాలు పైకి తీసి, బోరులోకి రబ్బరు ప్యాకర్ దింపారు. అది లోపల ఉబ్బి గ్రానైటు గోడకు బిరడాలా బిగుసుకుంది. దాని కిందికి ట్యాంకర్ నీళ్లను పంపు గట్టిగా తోస్తుంటే మీటరు ముల్లు పైపైకి ఎక్కింది. చుట్టూ చేరినవాళ్లు మాటలు ఆపేశారు. ముల్లు ఒక్కసారిగా కిందికి పడింది. "రాయి తెరుచుకుంది" అన్నాడు పంపు దగ్గరున్న మనిషి. బండలో మూసుకుపోయిన సన్నని పగుళ్లు విచ్చుకుని, పక్కనున్న నీటికి దారి దొరికిందన్నమాట. పనికి ముందు నీటిమట్టం ఎంతో, తర్వాత ఎంతో పంపు గద్దె మీద సుద్దముక్కతో పక్కపక్కనే రాశారు.

షేల్ అనే పొరలరాతిలో ఇరుక్కున్న గ్యాస్‌ను (షేల్ గ్యాస్) తీసే ఫ్రాకింగ్ పద్ధతికి కూడా సూత్రం ఇదే. మారేది రాయి, లోతు, పరిమాణం.

వరంగల్ నగరం కింద ఉన్నది గ్రానైటు. అందులో గ్యాస్ కోసం వెతకనక్కర్లేదు. భూపాలపల్లి, మంథని, గోదావరిఖని, మంచిర్యాల వైపు వెళ్తే ప్రాణహిత-గోదావరి లోయ వస్తుంది. పాతిక కోట్ల ఏళ్లకు పూర్వం అక్కడి మడుగుల్లో కూలిన చెట్లు బొగ్గయ్యాయి, సన్నని బురద గట్టిపడి షేల్ అయింది. బొగ్గు కోసం బోరు వేసి తీసిన రాతి కడ్డీల్లో ఈ నల్లటి షేల్ కనిపిస్తుంది. గోరు పెట్టి లాగితే పుస్తకంలో పేజీలా పొర ఊడి వస్తుంది. అందులో ఇరుక్కున్న జీవపదార్థం భూగర్భపు వేడికి తగినంత ఉడికితే మీథేన్ అవుతుంది. ఇసుకరాయిలో అయితే గ్యాస్ రంధ్రాల గుండా దానంతట అదే పారుతుంది. షేల్‌లో రంధ్రాలు ఎంత సన్నవంటే, పగలగొడితే తప్ప గ్యాస్ కదలదు.

అందుకే బావిని ఒకటి, రెండు కిలోమీటర్లు, కొన్నిచోట్ల ఇంకా లోతుకు నిటారుగా దింపి, అక్కడి నుంచి పొర వెంబడి అడ్డంగా తిప్పుతారు. నీళ్లు, ఇసుక, కొద్దిపాటి రసాయనాలు విపరీతమైన ఒత్తిడితో ఎక్కిస్తారు. పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు ఆపుతాయి. అమెరికాలో టెక్సాస్‌లోని బార్నెట్ షేల్‌లో జార్జ్ మిచెల్ సంస్థ 1990ల చివర్లో దీన్ని గిట్టుబాటయ్యేలా చేసి చూపించింది. మన దేశంలో ఓఎన్‌జీసీ 2011లో దుర్గాపూర్ దగ్గర పరీక్ష బావిలో షేల్ గ్యాస్ రప్పించింది కానీ, వాణిజ్య ఉత్పత్తి ఇంకా లేదు.

ఒక బావికి కోటి నుంచి రెండు కోట్ల లీటర్ల నీళ్లు పడతాయి, పొడవైన బావులకు ఇంకా ఎక్కువే. వినగానే గుండె ఝల్లుమంటుంది. అయితే ఒక ఎకరం వరికి పంటకాలంలో సుమారు యాభై లక్షల లీటర్లు పెడతాం. అంటే ఒక బావి రెండు నుంచి నాలుగు ఎకరాల వరితో సమానం. నన్ను కలవరపెట్టేది వాడిన నీళ్లకన్నా తిరిగొచ్చే నీళ్లు. వరికి పెట్టిన నీళ్లలో కొంత ఇంకి మళ్లీ మన బావికే చేరుతుంది. షేల్ నుంచి పైకొచ్చే నీళ్లలో ఉప్పు, బేరియం, కొన్నిచోట్ల రేడియోధార్మికమైన రేడియం కూడా ఉంటాయి. వాటిని చెరువులోకి వదిలితే ఆయకట్టు అంతా పాడవుతుంది.

కిలోమీటరున్నర కింద పడిన పగులు మన బోరు దాకా పాకుతుందన్న భయం మాత్రం చాలావరకు నిలవదు, మధ్యలో అన్ని రాతిపొరలున్నాయి. అసలు బలహీనత బావి గోడలోనే ఉంది. ఉక్కు గొట్టానికి, రాతికి మధ్య పోసిన సిమెంటు సరిగ్గా పట్టకపోతే గ్యాస్ ఆ సందు వెంట పైకి ఎగబాకుతుంది. పెన్సిల్వేనియాలోని డైమాక్‌లో 2009 జనవరి 1న ఒక ఇంటి నీటిబావి పేలింది. లోపమున్న గ్యాస్ బావులే కారణమని అక్కడి రాష్ట్ర అధికారులు తేల్చారు. మీథేన్ ముందునుంచే నీళ్లలో ఉందని కంపెనీ వాదించింది. తవ్వకానికి ముందు తీసిన పరీక్షలు సరిపడా లేకపోవడంతో ఆ తగవు ఏళ్లతరబడి సాగింది. మన బొగ్గు ప్రాంతంలోనూ ఇదే వాదన రావడానికి ఆస్కారముంది, బొగ్గున్న చోట మీథేన్ సహజంగానే ఉంటుంది కదా.

భూకంపాల సంగతీ అంతే. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలితే వరంగల్‌లోనూ తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. రెండూ సహజమైనవే, ఈ లోయలో పాత భ్రంశాలు, అంటే రాతిపొరలు విరిగి పక్కకు జరిగిన చీలికలు ఉన్నాయి. ఇంగ్లండులోని లాంకషైర్‌లో 2019 ఆగస్టులో ఫ్రాకింగ్ వల్ల 2.9 తీవ్రతతో కంపనం వస్తే, నవంబరుకల్లా ప్రభుత్వం పనులు ఆపించింది. ఇక్కడ ముందుగా కంపన మాపకాలు పెట్టకుండా బావి దింపితే, రేపు భూమి కదిలినప్పుడు సహజమైనదాన్ని బావి మీదికి నెడతారు, బావి తెచ్చినదాన్ని సహజమని కొట్టిపారేస్తారు.

సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసినవారికి ఇది కొత్త పాఠం కాదు. షిఫ్టు దిగకముందే సర్దార్ (భద్రత చూసే మేస్త్రీ) పని స్థలాలన్నీ తిరిగి గ్యాస్ చూస్తాడు. దీపం మంట మీద లేత నీలి టోపీ కనబడిందంటే మీథేన్ ఉన్నట్టే. గాలిలో అది 1.25 శాతం దాటితే కరెంటు ఆపేయాలి. మనుషులకంటే ముందు కొలత లోపలికి వెళ్తుంది.

మన నిబంధనలు ఈ క్రమాన్ని తలకిందులు చేశాయి. 2013 విధానం ప్రభుత్వరంగ చమురు సంస్థలకు షేల్ అన్వేషణకు దారి తెరిచింది, 2018లో ఇతర కంపెనీలకూ తమకు కేటాయించిన బ్లాకుల్లో వీలు కల్పించారు. 2020 జనవరిలో పర్యావరణ అనుమతుల ప్రకటనను సవరించి, చమురు, గ్యాస్ అన్వేషణను తక్కువ పరిశీలన చాలనే బీ2 వర్గంలోకి మార్చారు. దాంతో అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా పోయింది. ఊరి మాట వినడం ఉత్పత్తి దశకు వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడు కావేరి డెల్టాలో షేల్ గ్యాస్ సహా కొత్త తవ్వకాలను చట్టం చేసి నిషేధించింది. అక్కడి రైతులు వీధికెక్కాకే అది జరిగింది.

గోదావరి లోయలో బావి దింపాలని ఎవరైనా వస్తే, ఏడాది ముందు నుంచీ చుట్టుపక్కల ప్రతి బోరు, ప్రతి చేదబావి నీళ్లు రెండుసార్లు పరీక్షించాలి: ఎండలు ముదిరాక ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. మీథేన్, క్లోరైడ్, బేరియం, ఫ్లోరైడ్ తప్పనిసరిగా చూడాలి. మీథేన్ దొరికితే అందులోని కార్బన్ ఐసోటోపులను, అంటే వేర్వేరు బరువుల కార్బన్ పరమాణువుల పాళ్లను కూడా కొలవాలి, అది పైపొరల సూక్ష్మజీవులదో, లోతు షేల్‌దో వాటితో చాలావరకు తెలిసిపోతుంది. నమూనాల్లో సగం కంపెనీతో సంబంధంలేని ప్రయోగశాలకు వెళ్లాలి. ఫలితాలను తెలుగులో గ్రామపంచాయతీ గోడ మీద, ఏ ఇంటి బోరుకు ఆ ఇంటి అంకెలతో రాయాలి.