ఉచిత సైట్లలో యాడ్స్: అపోహలు - వాస్తవాలు

వెబ్‌సైట్లలో యాడ్స్ ఎక్కడ రావాలి, ఎన్ని రావాలి అని చూసుకోవడం నా ఉద్యోగం. ఆ మాట చెప్పగానే "ఓహో, మమ్మల్ని విసిగించేది మీరేనా!" అంటారు. ఆ కోపం న్యాయమే. దాని వెనకున్న లెక్కలే చాలావరకు తప్పు.

అపోహ: సైట్ నడపడానికి పెద్ద ఖర్చేముంటుంది?

వాస్తవం: డొమైన్ పేరుకు, అంటే సైట్ చిరునామాకు, నిజంగానే పెద్దగా కాదు. సర్వర్ బిల్లు మాత్రం చదివేవాళ్లతో పాటే పెరుగుతుంది, వీడియోలుంటే మరీను. అసలు బరువు మనుషుల జీతాలది: రాసేవాళ్లు, తప్పులు దిద్దేవాళ్లు, అర్ధరాత్రి సైట్ ఆగిపోతే లేచి చూసేవాళ్లు.

అపోహ: నేను యాడ్ మీద క్లిక్ చేయను, కాబట్టి నా వల్ల సైటుకి ఏమీ రాదు.

వాస్తవం: నాకు ఎక్కువగా వినిపించేది ఇదే. క్లిక్కుకి డబ్బిచ్చే యాడ్స్ ఉన్నాయి. కానీ చాలా బ్యానర్లకి, అంటే పేజీలో పట్టీల్లా, పెట్టెల్లా ఉండే యాడ్స్‌కి, కనిపించినందుకే ఇస్తారు. వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత అని రేటు, దాన్నే మేం సీపీఎం అంటాం. ఆ 'కనిపించడం' కూడా ఊరికే ఒప్పుకోరు. మామూలు బ్యానర్‌లో కనీసం సగం భాగం, కనీసం 1 సెకను పాటు తెర మీద ఉంటేనే చూసినట్టు లెక్క. పేజీ అడుగున ఉన్న యాడ్ దాకా మీరు రాకపోతే అది ఆ లెక్కలోకి రాదు.

1994 అక్టోబరులో వైర్డ్ అనే అమెరికా పత్రికవాళ్ల హాట్‌వైర్డ్ సైట్‌లో తొలి బ్యానర్లు వచ్చినప్పుడు, పత్రికలో పేజీ అమ్మినట్టే చోటు అమ్మేవారు. ఇప్పుడు చాలా సైట్లలో మీరు పేజీ తెరిచిన క్షణంలోనే ఆ చోటుకి వేలం జరుగుతుంది, సెకనులో పదో వంతు అటూ ఇటూగా ముగుస్తుంది. పాడుకున్నవాళ్లు కట్టిందంతా సైటుకి రాదు, మధ్యలో ఉన్న కంపెనీలు తమ వాటా తీసుకున్నాక మిగిలిందే వస్తుంది.

అన్నట్టు, సాయం చేద్దామని యాడ్స్ మీద వరసగా క్లిక్కులు కొట్టకండి. ఓ స్నేహితుడు మా సైట్ మీద ఆ అభిమానం చూపించాడు. దొంగ క్లిక్కులని యాడ్ నెట్‌వర్క్, అంటే మాకు యాడ్స్ తెచ్చిపెట్టే కంపెనీ, మా ఖాతా ఆపేసింది, ఎన్నాళ్లో టెన్షన్ పడ్డాం.

అపోహ: ఎన్ని యాడ్స్ పెడితే అంత డబ్బు.

వాస్తవం: కొంతవరకే. ఆ తర్వాత చదివేవాళ్లు పారిపోతారు, ఎవరూ చూడని యాడ్స్ వల్ల రేటూ పడిపోతుంది. ఈ సంగతి సైట్ యజమానులకి చెప్పి ఒప్పించడమే నా పనిలో సగం.

అపోహ: వికీపీడియా యాడ్స్ లేకుండా నడుస్తోంది కదా, మిగతావాళ్లకేం?

వాస్తవం: అది విరాళాల మీద నడుస్తుంది. అందులో వ్యాసాలు రాసేది జీతం తీసుకోని వాలంటీర్లు. రాసేవాళ్ల జీతాల ఖర్చు అక్కడ లేదన్నమాట. చందా పెట్టొచ్చుగా అంటారు. సెర్చ్‌లో ఒక్క జవాబు కోసం వచ్చి వెళ్లిపోయే మనిషి చందా కట్టడు.

అపోహ: యాడ్స్ ఉన్న సైట్లు మన వివరాలు అమ్ముకుంటాయి.

వాస్తవం: దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. వేలంలో సాధారణంగా మీ పేరు ఉండదు, కానీ మీ బ్రౌజర్‌కి తగిలించిన ఓ గుర్తింపు సంఖ్య, మీరు చూస్తున్న పేజీ, మీరున్న ప్రాంతం వంటివి చాలా కంపెనీలకి చేరతాయి. ఇలా ఆరా తీయడానికి బయటి కంపెనీలు మీ బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్లను, అంటే థర్డ్ పార్టీ కుకీలను, ఆపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీ మామూలుగానే అడ్డుకుంటుంది. క్రోమ్ వంటి బ్రౌజర్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపుకోవచ్చు. ఆపినా యాడ్స్ వస్తూనే ఉంటాయి, సైటుకి వచ్చే రేటు మాత్రం తగ్గుతుంది. నా ఫోన్‌లో నేను ఆపే ఉంచాను.