హెల్గోలాండ్ మూడు రంగులు

అమ్ములూ, చిన్నూ, ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

వచ్చే నెల హాంబర్గ్ నుంచి పడవెక్కి హెల్గోలాండ్ దీవికి వెళ్తున్నామని రాశారు. "జర్మనీలో చాలా ఊళ్ళ గుర్తుల్లో సింహమో, గద్దో, కోటో ఉంటుంది. వీళ్ళకేంటి తాతయ్యా, పైన పచ్చ, మధ్యన ఎరుపు, కింద తెలుపు, అంతేనా?" అని అడిగారు.

వాళ్ళ ఊరే అలా ఉంటుందమ్మా! సుమారు 1,300 మంది ఉండే చిన్న ఊరు. పచ్చన నేల, ఎర్రన అంచు, తెల్లన ఇసుక, ఇవే మా రంగులని అక్కడివాళ్ళు పాటలా చెప్పుకుంటారు.

పచ్చ చీరకు ఎర్రంచు అనుకోండి. పైన గడ్డినేల చీర, నిట్టనిలువుగా దిగే ఎర్రరాయి అంచు. రాతిలోని ఇనుము వల్ల ఆ ఎరుపు. తెల్ల ఇసుక రవికముక్క. ఒకప్పుడు చీరతో కలిసే ఉండేది, 1721 నాటి తుఫాను కత్తిరించేసింది. ఇప్పుడది పక్కనే వేరే దీవి. అంచు కూడా ఒకచోట చిరిగి, 47 మీటర్ల ఎర్ర స్తంభం సముద్రంలో ఒంటరిగా నిలబడింది. దాన్ని ‘పొడుగు ఆనా’ అంటారు, ఆనా అంటే అక్కడ ఆడపిల్ల పేరు. చీర కుచ్చెళ్ళు నేలకు రాసుకునే చోటే ముందు చిరుగుతుంది కదా! మా నాన్నమ్మ మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేది. చూపు ఆనక, సూదిలో దారం నాతో ఎక్కించుకునేది. దారం కొస నోట్లో తడిపి ఎక్కిస్తే బెల్లంముక్క దొరికేది. అలాగే ఆ దీవివాళ్ళు అలలు తినేయకుండా కొండ అడుగున పెద్ద గోడ కట్టుకున్నారు. అదే వాళ్ళ ఫాల్.

ఆ చీర ఎన్ని చేతులు మారిందో! డెన్మార్క్ నుంచి 1807లో బ్రిటన్‌కు, 1890లో ఆఫ్రికా దగ్గరి జాంజిబార్ దీవి గురించి బ్రిటన్, జర్మనీ చేసుకున్న బేరంలో భాగంగా జర్మనీకి. అక్కడ కాపురముండే వాళ్ళను ఎవరూ అడగలేదు. ఎవరి ఊరి గురించైనా నిర్ణయం చేసేటప్పుడు ముందు వాళ్ళనే అడగాలి, పెద్దయ్యాక ఇది గుర్తుంచుకోండి.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక దీవి మళ్ళీ బ్రిటన్ చేతికి పోయింది. అప్పటికే జనాన్ని ఖాళీ చేయించిన ఆ దీవిలో, 1947 ఏప్రిల్ 18న బ్రిటిష్ నౌకాదళం దాదాపు 6,700 టన్నుల పేలుడు సామగ్రి ఒక్కసారిగా పేల్చింది. దక్షిణపు కొండ కొంత కూలిపోయింది. దీవి మాత్రం మిగిలింది! 1950 డిసెంబరులో ఇద్దరు విద్యార్థులు ఆ ఖాళీ దీవికి వెళ్ళి, తిరిగి ఇచ్చేయమని జెండాలు ఎగరేశారు. 1952 మార్చి 1న దీవి జర్మనీ చేతికొచ్చింది. జనం వచ్చి, కూలిన ఇళ్ళ చోట మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. రంగులు అవే ఉంచుకున్నారు.

కొండ ఎలా పుట్టిందో మీ టీచర్‌ని అడగండి. మీరు మాత్రం పడవలో ముందువైపు నిలబడి, రెయిలింగ్ గట్టిగా పట్టుకుని చూడండి. మూడు రంగుల్లో ఏది ముందు కనబడుతుందో నాకు రాయండి.

మీ తాతయ్య