పిస్టల్ గొట్టం పొట్టిదైతే మందు మారాలా?

నల్లగొండలో ఎస్ఐ, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లల నోట ఒక మాట తరచూ వింటుంటాను. పిస్టల్ గొట్టం పొట్టిదైతే తూటాలో తొందరగా మండే తుపాకి మందు, పొడుగైతే నిదానంగా మండే మందు ఉండాలట, లేకపోతే గుండు వేగం పోతుందట. వినడానికి సబబుగానే ఉంటుంది, గుండు బయటపడేలోపే మందంతా కాలాలి కదా అనిపిస్తుంది. కానీ వేగం వరకు ఈ లెక్క సాధారణంగా నిలబడదు.

ముందు మందు సంగతి. సాయుధ పోరాటం రోజుల్లో మన పల్లెల్లో దళాలు పట్టిన బర్మార్లలో, అంటే మూతిలోంచి మందు కూరే నాటు తుపాకుల్లో, కూరింది సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాత తుపాకి మందు. అది కాలితే సగానికి పైగా మసిగా, పొగగానే మిగులుతుంది. ఇప్పటి తూటాల్లో ఉండేది 1884లో పాల్ వియెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజ్ అనే మండే పదార్థంతో చేసిన పొగరాని మందుకు వారసురాలు. అరచేతిలో పోసుకుని చూస్తే అది పొడిలా ఉండదు. పల్చటి బిళ్లలు, సన్నటి పూసలు, లేదా చిట్టి గొట్టం ముక్కలు కనిపిస్తాయి, గ్రాఫైట్ పూత వల్ల ముదురు బూడిద రంగులో మెరుస్తుంటాయి. ప్రతి గింజా పైనుంచి లోపలికి పొరలు పొరలుగా కాలుతుంది కాబట్టి, బరువుకు తగ్గ ఉపరితలం ఎంత ఎక్కువుంటే గ్యాసు అంత జోరుగా పుడుతుంది. పొయ్యిలో పత్తికట్టె భగ్గుమంటుంది, చింతమొద్దు నిదానంగా కాలుతుంది, ఇదీ అంతే. కొన్ని రకాలకు పైపొర మెల్లగా కాలేలా రసాయనం కూడా పట్టిస్తారు.

అయితే మూసిన చోట ఒత్తిడి పెరిగే కొద్దీ ఈ మందు ఇంకా వేగంగా కాలుతుంది, వేగంగా కాలే కొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 9 ఎంఎం తూటానే తీసుకోండి. తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ పేలగానే లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి రెండు వేల రెట్ల దాకా ఎగబాకుతుంది, గుండు ఒకటి రెండు సెంటీమీటర్లు కదిలేసరికే శిఖరానికి చేరి, గుండు వెనక ఖాళీ పెరుగుతున్నందువల్ల అక్కణ్ణుంచి పడిపోతుంది. నాలుగంగుళాల గొట్టం దాటి సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో బయటపడడానికి ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. మందులో ఎక్కువ భాగం ఆ మొదట్లోనే కాలిపోతుంది, తర్వాత నడిచేది ప్రధానంగా గ్యాసు వ్యాకోచమే.

నిదానం మందుతో లాభం ఏమిటంటే, అదే గరిష్ఠ ఒత్తిడికి లోబడి మందు ఎక్కువ పట్టించవచ్చు, గ్యాసు ఎక్కువ పుడుతుంది, శిఖరం దాటాక కూడా తోపు బలంగా ఉంటుంది. అందుకే అదే తూటాలో ఆరంగుళాల గొట్టంలో ఎక్కువ వేగం ఇచ్చిన మందే మూడంగుళాల దానిలోనూ సాధారణంగా ముందుంటుంది. వేగం రెండింటికీ తగ్గుతుంది, వరస మాత్రం అరుదుగా మారుతుంది.

మరి పొట్టి పిస్టల్‌కు జోరు మందు, అంటే తొందరగా మండేది, ఎందుకు ఎంచుకుంటారు? మంట, మోత, వెనక్కి తన్నే దెబ్బ తగ్గడానికి. నిదానం మందైతే గుండు బయటపడేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ గ్యాసులో ఉన్న కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ బయటి గాలి తగలగానే మళ్లీ అంటుకుంటాయి. మూతి దగ్గర కనిపించే పెద్ద మంట చాలావరకు ఇదే, కాలని మందు గింజలు కాదు. పైగా మందు బరువు పెరిగితే తన్నూ పెరుగుతుంది. 25 మీటర్ల పిస్టల్ షూటింగ్ పోటీల్లో గొట్టం 153 మిల్లీమీటర్లు మించకూడదని నిబంధన ఉంది, సెంటర్‌ఫైర్ (ప్రైమర్ తూటా అడుగున నడిమధ్యలో ఉండే రకం) విభాగంలో ఆడేవాళ్లకు కావలసింది వేగం కాదు, ప్రతి గుండూ ఒకేలా పోవడం. తక్కువ ఒత్తిడిలో నిదానం మందు సరిగా కాలదు కాబట్టి వాళ్లు జోరు మందే కొంచెం వేసుకుంటారు. దీనికో గండం ఉంది: జోరు మందు తూటాలో సగం కూడా నిండకపోవచ్చు, పొరపాటున రెండుసార్లు పోసినా పైకి తెలియదు, తుపాకీ చేతిలోనే పగులుతుంది. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం కూడా.

ఖాళీ తూటాల్లో మళ్లీ మందు నింపడం, అంటే రీలోడింగ్, గురించిన పుస్తకాల్లో వేగం పక్కన గొట్టం పొడవు రాసేది అందుకే, పొట్టి గొట్టంలో ఆ వేగం రాదు. కానీ గరిష్ఠ మోతాదు మాత్రం గొట్టం పొడవును బట్టి పెరగదు. పోయిన వేగం రాబట్టుకుందామని మందు పెంచితే, గుండు మూతి దగ్గరికి రాకముందే, మొదటి రెండు సెంటీమీటర్లలోనే ఒత్తిడి హద్దు దాటేస్తుంది.