కత్తి పిడికి అసలు పరీక్ష ఆరాకే

ఒక పాఠకుడు కత్తిని రాత్రంతా నీళ్లలో ఉంచి చూశారట. "పొద్దున తీస్తే చెక్క పిడి మునుపటికంటే బిగుతుగా ఉంది. అంటే ఇది నీటికి తట్టుకున్నట్టేనా?" అని అడిగారు. ఈ ప్రశ్న నాకు తెగ నచ్చింది. పిడి పాడయ్యేది సరిగ్గా ఆ బిగుతు వల్లే!

ప్లాస్టిక్ పిడుల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. ఏఎస్‌టీఎం డి570 అనే ప్రామాణిక పరీక్షలో ముక్కను ఆరబెట్టి తూచి, 23 డిగ్రీల సెల్సియస్ నీటిలో 24 గంటలు ముంచి, తుడిచి మళ్లీ తూస్తారు. గాజునార, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు కలిపి చేసే జీ10 పీల్చేది 0.1 శాతం దగ్గర. నైలాన్ మాత్రం ప్లాస్టిక్కే అయినా నీళ్లు బాగానే తాగుతుంది.

చెక్కకు తూకం ఒక్కటే చాలదు. చెక్క తేలుతుందని బడిలో చెబుతారు గానీ, దాని కణాల గోడలు నీటికంటే ఒకటిన్నర రెట్లు సాంద్రమైనవని చెప్పరు. తేల్చేవి లోపలి ఖాళీలు. నీరు ముందు గోడల్లోకి దూరుతుంది. చెక్క పోగుల్లో ఉండే సెల్యులోజ్ అనే పదార్థంలోని, నీటిని ఆకర్షించే హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులను పట్టుకోగానే పోగులు ఎడమై చెక్క ఉబ్బుతుంది. తేమ 28-30 శాతానికి చేరాక గోడలు నిండిపోతాయి. ఆపైన నీరు ఖాళీల్లో చేరుతుంది కాబట్టి బరువు పెరుగుతుంది, ఉబ్బు పెరగదు.

ఇప్పుడు రివిట్ల సంగతి, అంటే పిడి చెక్కలను ఉక్కుకు బిగించే లోహపు మేకుల సంగతి చూడండి. పొడిగా కనిపించే చెక్కలోనూ 12 శాతం తేమ ఉందనుకుందాం. పూర్తిగా నానితే అడ్డంగా ఇంకో 4 శాతం ఉబ్బాలి. ఉక్కు, రివిట్లు జరగవు. ఎటూ పోలేని చెక్క తన కణాలను తానే నలిపేసుకుంటుంది. అడ్డంగా నొక్కితే చెక్క ఓర్చుకుని మళ్లీ లేచేది ఇంచుమించు 1 శాతం వరకే. మిగిలిన నలుగుడు శాశ్వతం. ఆరాక పిడి పాత కొలతకు రాదు, అంతకంటే సన్నబడుతుంది. గొడ్డలి కామ వదులైతే నీళ్లలో నిలబెడతారు కదా, ఆ రోజుకు బిగుస్తుంది, ఆరాక ఇంకా ఎక్కువగా ఊగుతుంది. మళ్లీ నానబెడతారు, మళ్లీ కొంత నలుగుతుంది. మా వంటింటి కత్తిలో ఉక్కుకూ చెక్కకూ మధ్య గోరు దూరేంత సందు అలా పడిందే. దాని అంచున సన్నని నల్ల గీత కూడా ఉంది. చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి వేసిన మరక అది.

అందుకే విడి ముక్కను నానబెట్టి కొలిస్తే పిడి గురించి తెలిసేది తక్కువ. అది స్వేచ్ఛగా ఉబ్బి, దాదాపు పాత కొలతకే తిరిగొస్తుంది. ఒకే పలక నుంచి రెండు ముక్కలు కోయండి. ఒకదాన్ని వదిలేసి, రెండోదాన్ని పోగులకు అడ్డంగా ఇనుప క్లాంపులో బిగించండి. రెండూ నాననిచ్చి, నీడన పూర్తిగా ఆరనివ్వండి. బరువులు రెండింటివీ మొదటికే వస్తాయి. క్లాంపులోది మాత్రం వదులై దానంతటదే జారిపోతుంది. చూస్తుంటే భలే ఉంటుంది!

నూనె పట్టిస్తే ఇక నీరు అంటదనే నమ్మకం ఒకటుంది. అవిసె నూనె గాలిలో గట్టిపడి నీటిని ఆలస్యం చేస్తుంది, ఆపదు. రెసిన్ ఎక్కించిన చెక్క చాలా మేలు. దాన్నీ ఇలాగే క్లాంపులో పెట్టి చూడాలి.

ఆ పాఠకుడికి నా మాట: కత్తిని వారం రోజులు ఆరనిచ్చి, ఉక్కుకూ చెక్కకూ మధ్య పల్చటి కాగితం దూరుతుందేమో చూడండి.